బండికి తూర్పు ఎటు

6 ఏప్రిల్, ఆదివారం. శ్రీరామనవమి

బండి ఇంటికొచ్చింది. ఇది పాత స్కూల్ బస్సు అంటే ఎవరూ నమ్మరు. లోపల మంచం, చిన్న వంటగట్టు, వెనక పెద్ద అద్దం, పక్కనుంచి వీల్‌చెయిర్ ఎక్కడానికి ర్యాంపు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజిన్ ఆపినా బ్యాటరీలతో నడిచే స్ప్లిట్ ఏసీ. అది లేకపోతే ఈ బండితో మాకు పనే లేదు.

ఆయన మా కొట్లో అటక మీంచి పడి మూడేళ్లయింది. ఛాతీ కింద స్పర్శ లేదు, చేతులూ లేవవు. చెమట కూడా పట్టదు. చెమట పట్టకపోతే ఒళ్లు తనంతట తను చల్లబడదని, ఎండలో తిప్పితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. అందుకే మూడు వేసవులూ ఒకే గది, ఒకే గోడ. ఎప్పుడైనా సాయంత్రం వీధిలోకి తీసుకెళ్లినా కాసేపటికే "ఇంక ఇంటికెళ్దాం సత్యా" అంటారు. అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోటు ఇంకొక్కసారి చూడాలని ఉందన్నారు ఓసారి. ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అత్తయ్య బస్సుకి కూడా వాస్తు చూశారు. బండి ముందుభాగం తూర్పట. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడి కక్కే వస్తువు కాబట్టి అగ్నిమూలలో, అంటే ఆగ్నేయంలోనే ఉండాలట. డ్రైవర్ సీటు వెనక, కుడివైపు. షెడ్డు వాళ్లు వెనక బిగిద్దామంటే ససేమిరా అన్నారు. నేను పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. డెబ్భై దాటిన మనిషి, మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు ఒంటిచేత్తో నడిపిస్తున్న మనిషి. కాదనడానికి ఎవరికి గుండె ఉంది?

పూజ బాగా జరిగింది. టైర్ల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు బొట్లు. చివర్లో అత్తయ్య మోచేతంత లావు బంతిపూల దండ తెచ్చి సరిగ్గా ఏసీ గ్రిల్ మీద వేశారు. కాసేపటికే ఏసీ ఆగిపోయింది. మెకానిక్ దుర్గాసాయి వచ్చి, చెప్పులు విడిచి, దండకి దణ్ణం పెట్టి తీసేశాడు. దీనికి ఊపిరాడాలి పెద్దమ్మగారూ అన్నాడు. అత్తయ్య దండని ముందు బంపర్‌కి కట్టించారు.

8 ఏప్రిల్, మంగళవారం

దండ లేకపోయినా ఆగిపోతోంది. ఎండ ముదిరేసరికి ట్రిప్. కాసేపు ఆపి వేస్తే మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది.

దుర్గాసాయి గ్యాస్ చూశాడు, బాగానే ఉందన్నాడు. యూనిట్ పెట్టిన పెట్టె ఇరుకు, గాలి చాలట్లేదు, వెనక్కి మారుద్దామన్నాడు. అత్తయ్య మార్చేది లేదన్నారు. నేను లోపలికి పోయి గిన్నెల మీద కోపం చూపించాను.

తిరిగొచ్చి చూస్తే ఏముంది! అత్తయ్య స్టూలేసుకుని గ్రిల్ ముందు కూర్చుని, దేవుడి గదిలోంచి తెచ్చిన అగరుబత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో చూస్తున్నారు. పైన పెడితే పొగ బయటికి తన్నుకొస్తోంది. వచ్చి, అలా వంగి, కింద నుంచి మళ్లీ లోపలికే పోతోంది. అందరం చూశాం. వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తోంది. నిడదవోలులో వాళ్ల పుట్టింట్లో పొగగొట్టం లేని ఊకపొయ్యి ఉండేదట. దాని ముందు పెరిగినదాన్ని, నాకు తెలీదా అన్నారు.

దుర్గాసాయి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. తను కూడా ఇదే అనుకున్నాడట, కానీ కంటికి చూపించలేకపోయానన్నాడు. వెంటనే రేకు కోసి యూనిట్ చుట్టూ అడ్డు కట్టాడు. సందుల్లో రబ్బరు. పీల్చే గాలికి కింద వేరే కంత, వదిలే గాలికి పక్కన పెద్ద జాలీ. మళ్లీ అగరుబత్తి పరీక్ష. ఈసారి పొగ తిన్నగా బయటికిపోయింది, వెనక్కి చూడలేదు.

ఒప్పుకోక తప్పదు. మా అత్తయ్య మామూలు మనిషి కాదు.

9 ఏప్రిల్

బయట నలభై రెండు డిగ్రీలు. బండి లోపల ఆయన దుప్పటి అడిగారు.

13 ఏప్రిల్, ఆదివారం. సాయంత్రం



పొద్దున్న అంతర్వేది బయల్దేరాం. డ్రైవర్ చినబాబు, ఆయన, నేను, అత్తయ్య. వేమగిరి దాటేవరకూ పెళ్లికి పోతున్నట్టే ఉంది. కడియపులంక దగ్గర అద్దంలోంచి పూలతోటలు చూసి ఆయన పాట కూడా అందుకున్నారు. జొన్నాడ దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. ముందు లారీ, వెనక లారీ. అక్కడ ఏసీ ఆగిపోయింది.

చినబాబు దిగి చూశాడు. పీల్చే కంత ఇంజిన్ పక్కనే ఉంది కదా, ఇంజిన్ వేడంతా అందులోకి పోతోంది. ఇంటి ముందు ఇంజిన్ ఆపి పరీక్ష చేశాం. ఎవరికీ తట్టలేదు.

బ్రిడ్జి దాటేసరికి ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది. ఒళ్లు పొడిగా కాలిపోతోంది. ఏదో అడిగితే ఇంకేదో చెబుతున్నారు. రావులపాలెంలో సోడా కొట్టు ముందు ఆపి, ఐసు ముక్కలు తెచ్చి, చంకల్లో, మెడ మీద తడిగుడ్డలు వేశాం. అరటి మార్కెట్ వాళ్లెవరో రెండు టేబుల్ ఫ్యాన్లు వైరు లాగి మరీ పెట్టారు. వాళ్ల పేర్లు కూడా అడగలేదు. చల్లగా ఉండాలి వాళ్లు.

ఆయన తేరుకున్నాక మొదట అన్నమాట, "ఇంక ఇంటికెళ్దాం సత్యా."

ఎండ తగ్గేదాకా అక్కడే ఉండి తిరిగొచ్చేశాం.

14 ఏప్రిల్

అనేశాను. అన్నీ అనేశాను. మీ ఆగ్నేయం నా మొగుణ్ణి మింగేసేది అన్నాను. అత్తయ్య మజ్జిగ చిలుకుతున్నారు. చిలకడం ఆపలేదు. తలెత్తి చూడలేదు.

15 ఏప్రిల్

కొట్టు మామూలుగానే తెరిచారు. నాతో మాట్లాడలేదు. వాస్తు చెప్పే సిద్ధాంతిగారికి ఫోన్ చేస్తారనుకున్నాను, చెయ్యలేదు. కొట్లో కుర్రాళ్లు చెప్పారు, మధ్యాహ్నమంతా పొట్లాలు కట్టే కాయితం మీద బస్సు బొమ్మ గీసి, దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నారట.

16 ఏప్రిల్, బుధవారం

పొద్దున్నే లేచి చూస్తే మంచం మీద అత్తయ్య లేరు. ఇల్లంతా వెతికాను. చివరికి బండిలో దొరికారు. ఆయన మంచం మీద, ఆయన పడుకున్నట్టే, డ్రైవర్ వైపు తల పెట్టుకుని వెల్లకిలా పడుకున్నారు. దిండు ఎత్తుగా పెట్టుకుని వెనక అద్దంలోంచి బయటికి చూస్తున్నారు. గబగబా ర్యాంపు ఎక్కాను. ఈ వయసులో ఏమైందోనని.

నన్ను చూసి లేచి కూర్చుని, తనే ఫోన్ చేసి దుర్గాసాయిని పిలిచారు. వాడొచ్చాక చెప్పారు. ఇల్లయితే కదలదు, దిక్కులు కూడా కదలవు. బండి మలుపు మలుపుకీ తిరుగుతుంది. మొన్న రావులపాలెం పోయి వచ్చేలోపు ఎండ ఈ చెంప మీంచి ఆ చెంప మీదికి ఎన్నిసార్లు మారిందో చూశారట. అలాంటప్పుడు డ్రైవర్ చూసేది తూర్పు ఎలా అవుతుంది? డ్రైవర్ జీతగాడు. బండి ఎవరికోసం కొన్నాం?

"నా కొడుకు మొహం ఎటుంటే అదే తూర్పు. పడుకుని వాడు వెనక్కే కదా చూస్తాడు. అయితే వెనకే తూర్పు. వాడి కుడిచెయ్యి వైపు మూల ఆగ్నేయం. అక్కడ పెట్టండి."

ఆయన కుడిచెయ్యి వైపు, వెనక మూల. అంటే బండికి వెనక ఎడమ మూల. ఇంజిన్‌కి ఆమడ దూరం. సైలెన్సర్ గొట్టం అవతలి పక్క, కుడివైపు. దుర్గాసాయి మొదటి నుంచీ అడుగుతున్నది ఆ మూలే. వాడు నోరు తెరిచి నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను.

తల పడమరకి వస్తుంది కదా అన్నాను, మాట కలపడానికి. పడమర పర్లేదు, ఉత్తరమే కూడదన్నారు. అంటే నాతో మాట్లాడారు! తర్వాత వంటింట్లో మెల్లిగా అడిగాను, నిజంగానే అలా నమ్ముతున్నారా, మా కోసం కల్పించారా అని. అత్తయ్య చింతపండు పిసుకుతూ, "ఎండకి వాడికేమవుతుందో దేవుడికి తెలీదా ఏంటి" అన్నారు.

మొన్నటి మాటలు మనసులో పెట్టుకోకండి అన్నాను. ఆవిడ చారులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నారు. నాకు ఏడుపొచ్చింది. పంతం వదిలినవాళ్లని చూశాను, నమ్మకం వదిలినవాళ్లని చూశాను. రెండూ వదలకుండా యంత్రాన్ని మాత్రం కదిలించిన మనిషిని ఈవిడనే చూశాను.

20 ఏప్రిల్, ఆదివారం

వెనక మూలలో పని అయిపోయింది. దుర్గాసాయి చేతిలో ఏదో మహత్తు ఉంది. రేకు మడత పెట్టినచోట వేలు పెట్టి రాస్తే గీత తగలదు. గాలి ఎడమ పక్కనుంచి లోపలికి, వెనకనుంచి బయటికి. మధ్యలో అడ్డురేకు, చుట్టూ రబ్బరు. అగరుబత్తి పరీక్షలో ఫస్ట్ క్లాస్.

అత్తయ్యకి చాలదట. నిలబడ్డ బండిని చూసి ఒకసారి మోసపోయాం కదా అన్నారు. కదిలే బండికి అగరుబత్తి పనికిరాదు. పాత జరీ చీర అంచు చింపి, సన్నటి పీలికలు రెండు జాలీలకీ కట్టారు. చినబాబు బస్సు నడిపాడు. అత్తయ్య ఆటో ఎక్కి, వెనకాలే తరమమన్నారు! లాలాచెరువు రోడ్డు మీద జనమంతా చూస్తున్నారు. పక్కన నేను. ఆవిడ ఆటోలోంచి సగం బయటికి వంగి, పీలికలు చూస్తూ, ఇంకా దగ్గరికి పోనీ బాబూ అని ఆటోవాణ్ణి తినేశారు.

వెనక పీలికలు బాగా బయటికి ఎగిరాయి. పక్క జాలీ పీలికలు మాత్రం లోపలికి పోకుండా, రేకుకి అంటుకుని వెనక్కి పారాయి. బండి స్పీడులో గాలి పక్కనుంచి జారిపోతోందన్నమాట, లోపలికి దూరట్లేదు. దుర్గాసాయి జాలీ ముందు చాటలాంటి రేకు ఒకటి వంచి బిగించాడు, ముందుకి చూసేట్టు. మళ్లీ ఆటో. ఈసారి పీలికలన్నీ లోపలికి దూరాయి.

అత్తయ్య ఆటోలోనే చేతులు జోడించారు. దేవుడికో, చాటరేక్కో తెలీదు.

23 ఏప్రిల్

మండుటెండలో రావులపాలెం దాకా వెళ్లొచ్చాం, ఆయన లేకుండా. ఆయన మంచం మీద అత్తయ్యే పడుకున్నారు. చలేస్తోందని తిట్టారు.

27 ఏప్రిల్, ఆదివారం. అంతర్వేది, ఉదయం పదకొండు

వచ్చేశాం. జొన్నాడలో మళ్లీ లారీల మధ్య ఇరుక్కున్నాం. నేను ఏసీ వైపే చూస్తూ కూర్చున్నాను. అది కనీసం దగ్గలేదు.

చినబాబు బండిని రివర్స్ చేసి, వెనక అద్దం సముద్రానికి పెట్టాడు. లేత మట్టిరంగు గోదావరి నీళ్లు పోయి నీలంలో కలిసేచోట ఒక గీత ఉంది. ఆయన దాన్నే చూస్తున్నారు.  నేను నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

మధ్యాహ్నం రెండు

అందరం పులిహోర తిన్నాం. బయట ఇసుక కాలిపోతోంది. చేపల నాటుపడవలు ఒడ్డుకొస్తున్నాయి. చేపల కోసం ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు అద్దంలోంచి ఆయన్ని చూసి చెయ్యి ఊపారు. ఆయన ఊపలేరు కాబట్టి అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

బయల్దేరదామా అని అడిగాను. ఆయన, "ఇంకాసేపు ఉందాం" అన్నారు.

మూడేళ్లలో ఈ మాట వినలేదు నేను.

సాయంత్రం

బయల్దేరే ముందు అత్తయ్య గుళ్లోంచి దండ తెచ్చారు. వెనక జాలీ దగ్గరికి వెళ్లి, కాసేపు నిలబడి, దండని వెనక్కి తెచ్చి ఆయన మెడలో వేశారు. జాలీకి చుట్టూ పసుపు రాసి బొట్లు మాత్రం పెట్టారు. గాలికి అడ్డం రాకూడదట.

28 ఏప్రిల్

పొద్దున్నే కాఫీ ఇస్తుంటే ఆయన అడిగారు, "అమ్మనడుగు, వచ్చే ఆదివారం తూర్పు ఎటు పెడదామంటుందో."