నీ పేరు పిలిచే శనివారం

నా కొడుకు విల్బర్ట్‌కు నాన్న దీవెనలు.

దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ ఇల్లూ ఇంకా నిలబడే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటాను. ఫోన్‌లో అయితే రెండు మాటలకే మనకు కోపాలొస్తాయి. అందుకే రాస్తున్నాను.

ముందుగా, ముప్పై ఏళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట. మన ఊళ్లోనే మన నల్లవాళ్ల హెబ్రోన్ కాలేజీ ఉంది. మీ అమ్మ ఆ కాలేజీ వంటింట్లో పనిచేసి నిన్ను పెంచింది. నువ్వు మాత్రం నది అవతలి తెల్లవాళ్ల యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడటానికి పోయావు. వాళ్లు నల్లపిల్లలకు తలుపు తీసిన కొత్తలోనే పోయావు. నీ వెనక గట్టిపిల్లలందరూ అదే దారి పట్టారు. హెబ్రోన్ జట్టు మళ్లీ కోలుకోలేదు. నేను మరిచిపోలేదు.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. పైకప్పు కారడం ఆగింది. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. "నా ఆటకు నువ్వు ఒక్కసారైనా వచ్చావా? నీ మనవడు టెరెల్ ఆటకు నేనెందుకు రావాలి?" అని రాశావు. రాలేదు, నిజమే. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు. పెళ్లికి ముందు నేను ఆ స్టేడియం ఊడ్చేవాణ్ణి. ఆట రోజు మమ్మల్ని మెట్ల కింద గదిలో ఉంచి, జనం పోయాక చీపుర్లిచ్చి వదిలేవారు. పైన అరుపులు వినడమే తప్ప ఆట చూసింది లేదు. నన్ను కూర్చోనివ్వని చోట టికెట్టు కొని కూర్చోనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. కొడుకు ఆడినా ఒట్టు ఒట్టే. అందుకు నేను సిగ్గుపడను.

నీ కొడుకు సంగతి. అదే యూనివర్సిటీ పిలిస్తే కాదని వాడు హెబ్రోన్‌లో చేరి నాలుగేళ్లయింది. నువ్వు అలిగి కూడా నాలుగేళ్లయింది. ఈ ఏడు వాణ్ణి జట్టుకు నాయకుణ్ణి చేశారు. ముందు వరుసలో నిలబడి, చేత్తో బంతి విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా కాయడం వాడి పని. గోడలా నిలబడతాడు. నువ్వు నిలబడే తీరే.

మొదటి ఆట ఓడాం. రెండోదీ ఓడాం. మన జనం సంగతి నీకు తెలుసు. ఆట జరుగుతుంటే తిండికి లేచిపోతారు, ఆట మధ్య విరామంలో బ్యాండు దిగితే మాత్రం ఒక్కరూ కదలరు. మనవాళ్లు బంతి జారవిడిచినప్పుడు నేను సిస్టర్ ఎర్లీన్ చేపల బండి దగ్గరున్నాను.

"ఏం ఓథా, మీ పిల్లలు బంతికి వెన్న గాని పూశారా, అట్టా జారిపోతంది?" అంది.

"వెన్న కాదమ్మా, నీ చేపల నూనె. తిని చేతులు కడుక్కోలా."

"అయితే వచ్చే వారం వాళ్లకి అమ్మను. నీకూ అమ్మను, పో."

మూడో ఆట గెలిచాం. సిస్టర్ ఎర్లీన్ ఆ రోజు నాకు చేప ఊరికే ఇచ్చింది.

ఇప్పటిదాకా రాయనిది ఒకటుంది. పోయిన నెల హెబ్రోన్ జట్టు నీ యూనివర్సిటీకి వెళ్లి ఆడింది. మన చిన్న కాలేజీలు అలా పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి, తన్నులు తిని, వాళ్లిచ్చే డబ్బుతో ఏడాది నెట్టుకొస్తాయి. ముందురోజు టెరెల్ ఇంటికొచ్చాడు.

"తాతా, ఈ ఒక్కసారికి రా."

"నా ఒట్టు సంగతి ఎరగవా?"

"టికెట్టు కొననని గదా ఒట్టు. ఆటగాళ్ల ఇంట్లోవాళ్లకి ఊరికే ఇస్తారు. కొనకపోతే ఒట్టు తప్పినట్టు కాదు."

"ప్లీడరు చదువు చదువుతున్నావట్రా?"

"డ్రిల్లు మాస్టారు చదువు. రా తాతా."

వెళ్లాను. లోపలికి పోయే దారిలో గోడ మీద పాత ఆటగాళ్ల ఫోటోలున్నాయి. నీ ఫోటో ఎక్కడుందో టెరెల్ ముందే చెప్పాడు. దాని కింద ఒక తలుపుంది. మమ్మల్ని కూర్చోబెట్టిన గది అదే. ఇప్పుడక్కడ టోపీలు అమ్ముతున్నారు. ఆ గది నెత్తిన నీ మొహం. జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు, నేను అక్కడే నిలబడ్డాను. ఏమనిపించిందో ఉత్తరంలో రాయను.

ఆట మొదటినుంచీ ఓటమే. విరామం తర్వాత ఇద్దరు వచ్చి టెరెల్ కాలి మీద పడ్డారు. మన బ్యాండు వాయిస్తూ వాయిస్తూ ఆగిపోయింది. ఓడుతున్నా ఆగని బ్యాండది. అది ఆగితే నాకు అర్థమైంది. మోకాలి లోపల నరం తెగింది. ఆపరేషన్ చేశారు. వాడిక ఆడడు.

"నాన్నకి చెప్పొద్దు తాతా. 'నే ముందే చెప్పలా' అంటాడు," అని నా చేత మాట తీసుకున్నాడు. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

ఎందుకంటే, నవంబరు పదిహేను శనివారం ఇక్కడ ఆఖరి ఆట. ఆట ముందు, చదువు ముగిసే పిల్లలు అమ్మదో నాన్నదో చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకు నడుస్తారు. మైకులో ఇద్దరి పేర్లూ పిలుస్తారు. నువ్వూ ఒకప్పుడు నడిచావు, మీ అమ్మ ఒక్కతే నీ పక్కన నడిచింది. టెరెల్‌కు ఆ అమ్మా లేదు. "నీ పక్కన ఎవరు?" అని కోచ్ అడిగితే వాడు నీ పేరు చెప్పాడు.

"మీ నాన్న వస్తాడా?" అన్నాడు కోచ్.

"పేరైతే పిలవండి కోచ్."

ఆ రోజు చంకకర్రలు పక్కన పెట్టి నడుస్తాడట. నన్ను పట్టుకుని నడవరా అన్నాను. "నిన్ను పట్టుకుంటే ఇద్దరం పడతాం తాతా," అని నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

నేను నీ ఫోటో దాకా వచ్చాను. నువ్వు నీ కొడుకు దాకా రా. నువ్వు రాకపోయినా నీ పేరు పిలుస్తారు. నీ చోట నేను నిలబడను, ఇంకెవర్నీ నిలబడనివ్వను. వాడు కర్రలు లేకుండా ఆ ఖాళీ పక్కనే నడుస్తాడు. పడితే పడతాడు, ఊరంతా చూస్తుంది.

పన్నెండో తారీకు బుధవారం టపాకల్లా నీ జవాబు నా చేతిలో ఉండాలి. వస్తాననో రాననో, ఒక్క మాట చాలు.

ఇట్లు,
నువ్వు ఒప్పుకున్నా మానినా నీ నాన్న,
ఓథా