ఎడమవైపు బటన్

మే 4, ఆదివారం

మా తమ్ముడి కూతురు టెస్ వచ్చింది. వాళ్ల నాన్న బండి బాగు చేయించి తనే నడుపుతుందట. తొమ్మిది నెలలుగా వాళ్ల గరాజ్‌లో టార్పాలిన్ కింద పడి ఉంది ఆ మోటార్‌సైకిల్. ఎలోయ్‌కి పని అప్పజెప్పేసిందట కూడా. మా లోయలో పాత ఇంజన్లు విప్పాలంటే ఎలోయ్ ట్రుహీయోనే. బుధవారం వచ్చి ట్రక్కులో వేసుకెళ్తాడట.

మంచి పని చేశావే అన్నాను. కప్పు కడగడానికి లేచి, కడిగిన కప్పునే మళ్లీ కడిగాను.

ఇంజన్ విప్పితే తెలిసిపోతుంది.

మే 5, ఉదయం 5:40

నేను తోలే స్కూలు బస్సు తీసేలోపు ఇది రాసేయాలి. మనుషులకి చెప్పే ధైర్యం ఎలాగూ లేదు.

కిందటి ఆగస్టులో నా బండి షెడ్డులో ఉందని మా తమ్ముడు లైల్ బండి అడిగి తీసుకున్నాను. పక్క లోయ దాకా వెళ్లొచ్చాను. మా కొండల్లో ఒక పద్ధతుంది. అడిగి తెచ్చుకున్న బండిని ట్యాంకు నింపకుండా తిరిగివ్వకూడదు. ఇచ్చారంటే ఇంకోసారి ఎవరూ తాళాలివ్వరు. నింపే ఇచ్చాను. మర్నాడు లైల్ అదే బండి మీద కిందికి, మైదానంలో ఉన్న ప్యూబ్లో ఊరికి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు లోయ రోడ్డు మలుపులో పడ్డాడు. అక్కడే పోయాడు.

నేను ఏ బటన్ నొక్కానో నాకు గుర్తు లేదు.

బంకులో మూడు రకాల పెట్రోలుకి మూడు బటన్లు, అంకె పెరిగేకొద్దీ మేలు రకం. ఎడమది 85, మధ్యది 87, కుడిది 91. నా బండికి ముప్ఫయ్యేళ్లుగా 85 పోస్తున్నాను. ఏం పోసినా తాగుతుంది, నాలాగే దానికీ ఏదైనా ఒకటే. లైల్ బండి అలా కాదు. పెట్రోలుని గట్టిగా నొక్కే ఎక్కువ కంప్రెషన్ పిస్టన్లు వేయించుకున్నాడు, వాటికి 91 తప్ప పడదు. ట్యాంకు మూత మీద టేపు అంటించి 91 అని ఇంత లావు అంకెలతో రాశాడు కూడా. ఆ మూత తీసింది నేనే. టేపు చూడకుండా ఎలా ఉంటాను? చూసే ఉంటాను. మరి చేయి ఎటు పోయింది?

బస్సుకి టైమైంది.

మే 9

లైల్ ఈ సంగతి ఒక వందసార్లు చెప్పుంటాడు. విని విని నాకు చెవులు చిల్లులు పడ్డాయి. మనం పదివేల అడుగుల ఎత్తున ఉన్నామక్కా, ఇక్కడ గాలి పల్చన, 85 పోసినా ఇంజన్ కిక్కురుమనదు అనేవాడు. కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడుతుందట. అప్పుడు అదే పెట్రోలు టైముకి ముందే అంటుకుని పిస్టన్ నెత్తిన సుత్తితో కొడుతుందట. డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడొస్తుంది. విని కూడా తోలితే పిస్టన్‌కి చిల్లు, ఇంజన్ పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది.

రోడ్డు మీద ఆ చక్రం ఈడ్చుకుపోయిన నల్లటి మరక నలభై అడుగులుంది. నేను వెళ్లి పాదాలు పెట్టి కొలిచాను. రిపోర్టులో మాత్రం అతివేగం అని రాశారు. ఊళ్లో అందరూ అదే అన్నారు. యాభై ఆరేళ్ల మనిషికి ఆ స్పీడేమిటమ్మా అని నా మొహం మీదే అన్నారు. నేను తలాడించాను. సిగ్గులేని దాన్ని. నా తమ్ముడు ఎప్పుడూ అలా తోలేవాడు కాడు.

మే 12

బస్సులో గోళీల చప్పుడు. ఆపి వెనక్కి తిరిగి ఎవరి దగ్గరున్నాయో ఇచ్చేయండి అన్నాను. ఎవరి దగ్గరా లేవు. పిల్లలు దిక్కులు చూశారు. మళ్లీ స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు.

మే 15

బంకుకి వెళ్లాను. పంపు ముందు కళ్లు మూసుకుని, ఏమీ ఆలోచించకుండా, చేయి దానంతటది పోనిచ్చాను. మూడుసార్లు. మూడుసార్లూ ఎడమకే పోయింది.

కౌంటర్ దగ్గర డార్లా అద్దంలోంచి వింతగా చూస్తోంది. చూడనీ.

మే 21

ఎలోయ్ ఇంకా విప్పలేదు.

మే 28

ఎలోయ్ ఫోన్ చేసి ఒక్కదానివే రా అన్నాడు. వెళ్లాను. గుడ్డలో చుట్టిన పిస్టన్ తీసి నా చేతిలో పెట్టాడు. నడినెత్తిన బొటనవేలు దూరేంత చిల్లు. అంచులు కరిగి కారి గడ్డకట్టాయి. చల్లగా, అరచేతికి సరిపోయేంత ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకునే నిలబడ్డాను.

చివరిసారి పెట్రోలు పోసిందెవరని అడిగాడు. నేనే అన్నాను. ఎలోయ్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తక్కువ కంప్రెషన్ పిస్టన్లు వేస్తే ఏ పెట్రోలైనా నడుస్తుందని టెస్‌కి ఎంతో చెప్పాడట. ఆ పిల్ల వినలేదట. నాన్నకి ఏవి ఉండేవో అవే కావాలందట. తండ్రి మొండితనం ఎక్కడికి పోతుంది.

వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు. "ఈ మాట నేను చెప్పకూడదు వర్నా. నువ్వు చెప్పాలి" అన్నాడు.

జూన్ 1

లైల్ భార్య నాడీన్ దగ్గరికి వెళ్లాను. పుల్లటి కాడలతో కాల్చే తీపి రొట్టె, రూబార్బ్ పై, పెట్టింది. రెండు ముక్కలు తిన్నాను. వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాను.

జూన్ 3

మళ్లీ వెళ్లాను. మళ్లీ అంతే. ఈసారి రొట్టె కూడా లేదు.

జూన్ 8, ఆదివారం, మధ్యాహ్నం

చెప్పేశాను.

నాడీన్ వెనక మెట్ల మీద కూర్చుని బూట్లు తుడుస్తోంది. పాతికేళ్లుగా నా మరదలు. నా ముందు గట్టిగా ఏడ్చింది కూడా లేదు, అంత గుట్టు మనిషి. నిలబడే చెప్పాను. బండి తీసుకున్నది, ట్యాంకు నింపింది, చేయి ఎడమకి పోయింది, పిస్టన్ చిల్లు, అన్నీ. రిపోర్టు తప్పు, లైల్ తప్పేం లేదు, చేసింది నేను అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను.

బూటు పక్కన పెట్టింది. "తెలుసు వదినా" అంది. "ఆ రోజే తెలుసు."

ప్యూబ్లోలో హోటల్ దగ్గర ఆగి లైల్ ఫోన్ చేశాడట. ఇంజన్ గోళీలాడుతోంది, మా అక్క దీనికి నీళ్లలాంటి పెట్రోలు తాగించింది అని నవ్వాడట. ఉన్నదంతా ఒంపేసి కొత్తది పోయించుకుని వస్తాను, ఒక గంట ఆలస్యమవుతుంది అన్నాడట. ఆ సాయంత్రం నాడీన్ వాళ్ల అమ్మావాళ్లు భోజనానికి వచ్చి కూర్చున్నారు.

"నేనేమన్నానో తెలుసా? కూర చల్లారిపోతోంది, వంకలు చెప్పక బయల్దేరు అన్నాను. సరేలే అన్నాడు."

ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. తొమ్మిది నెలలు, వారానికి రెండుసార్లు ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగాం కదా అన్నాను.

"నువ్వు చెప్తే నేనూ చెప్పాలి కదా. నువ్వు చెప్పకపోతే బావుండునని రోజూ అనుకున్నాను" అంది.

పక్కింటాయన గడ్డి కోస్తూ చేయి ఊపాడు. మేమూ ఊపాం.

జూన్ 9

ఇద్దరం కలిసే టెస్‌కి చెప్పాం. నాన్న స్పీడుగా పోలేదని మొదట చెప్పాం. తర్వాత మిగతాది. ఆ పిల్ల మొత్తం విని, అమ్మని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, కోటు తీసుకుని వెళ్లిపోయింది.

జూన్ 17

ఫోన్ ఎత్తదు. అమ్మదీ ఎత్తడం లేదట.

జూన్ 30

ఎలోయ్ షెడ్డులోనే ఉంటోందట పొద్దస్తమానం. మాటా పలుకూ లేకుండా పని చేస్తోందట. పిస్టన్లు తన చేత్తోనే బిగించిందట. అవే, లైల్ వేయించుకున్నటువంటివే.

నేను వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను.

జూలై 16, సాయంత్రం

వాకిట్లో బండి చప్పుడు. లైల్ బండి చప్పుడు. చేతిలో ప్లేటు పడి పగిలింది.

టెస్. హెల్మెట్ తీసి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది. శనివారం ప్యూబ్లోకి వెళ్తోందట. నాన్న వెళ్లిన దారిలోనే వెళ్లి, ఆ దారిలోనే తిరిగొస్తుందట. వద్దే అన్నాను. నేను వద్దంటే ఆగే పిల్లా అది.

"ట్యాంకు నువ్వే నింపాలత్తా" అంది.

క్షమించి అడిగిందో, శిక్షించడానికి అడిగిందో ఆ మొహంలో ఏమీ తెలియలేదు. అడిగే హక్కు నాకు లేదు. సరే అన్నాను.

జూలై 19, శనివారం, ఉదయం 11:10

టెస్ వెళ్లింది. ట్యాంకు నేనే నింపాను. నాడీన్ నా పక్కనే నిలబడింది. నొక్కేముందు అంకె పైకి చదివాను. ఇద్దరం చూశాం.

ఇంటికొచ్చాక ఏది నొక్కావని నాడీన్ అడిగింది. 91 అన్నాను. అవును 91 అంది. కాసేపటికి మళ్లీ అడిగింది. నేనూ ఆమెనే అడిగాను, చూశావు కదా అని. చూశానంది. ఏం చూసిందో చెప్పలేకపోయింది. పైకి చదివిన అంకె నాకూ గుర్తు రావడం లేదు.

టెస్ ఫోన్ ఎత్తడం లేదు. ఇంకా కొండ దిగుతూ ఉంటుంది.