దొంగచాటు మాత్రల మాట

పెద్ద డాక్టరు గారికి,

ఇరవై ఏళ్లుగా మీ మాట ఒకటి నా గొంతులో ముల్లులా ఉంది. మీకు గుర్తుండదు, నాకుంది. పంతొమ్మిదేళ్లొచ్చినా మా అమ్మాయి పెద్దమనిషి కాలేదని మీ దగ్గరకు తెచ్చాను. నెత్తురు పరీక్షలో ఆడవాళ్ల హార్మోను పదింతలు ఉందన్నారు. "పిల్ల దొంగచాటుగా హార్మోను మాత్రలు మింగుతోంది, దాని పెట్టె వెతకవయ్యా" అని అందరి ముందూ అన్నారు. ఫైల్లోనూ అదే రాశారు. నేను తాపీమేస్త్రీని, చదువుకున్నవాళ్ల మాట నమ్మాను. పెట్టె బోర్లిస్తే మాత్రలు దొరకలేదు. అయినా చెయ్యి చేసుకున్నాను. అప్పటినుంచి అది నాకు అన్నం పెడుతుంది గానీ నాన్నా అని పిలవదు.

పోయిన నెల దాని మణికట్టు విరిగితే వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ మళ్లీ చేయించింది. "పెద్దాయనా, హార్మోను కణం లోపలికి వెళ్లి పిలుస్తుంది. ఆ పిలుపు అందుకోవలసిన గ్రాహకం ఈవిడకు పుట్టుకతోనే చెవిటిది. పలకడం లేదని ఒళ్లు ఇంకా గట్టిగా అరుస్తోంది, అందుకే అంత హార్మోను. ఈవిడ పెద్దమనిషి కానిదీ, ఎముకలు గుల్లయిందీ ఆ చెవుడు వల్లే. మీ అమ్మాయి ఏ మాత్రా మింగలేదు" అంది.

కొట్టింది నా తప్పే. అది దాని ఎదుటే ఒప్పుకున్నాను. ఇక మీ వంతు. ఫైల్లో ఆ మాట కొట్టేసి, తప్పు రాశానని రాసి, సంతకం పెట్టి మా అమ్మాయి పేరున పంపండి. నా పేరున వద్దు. సోమవారం పది గంటలకల్లా అందాలి. అందకపోతే పదకొండింటికి మీ గది ముందు నిలబడి ఈ ఉత్తరం నేనే పైకి చదువుతాను. కూడబలుక్కుని చదివేవాణ్ని, సాయంత్రం దాకా పడుతుంది.

ఆ అమ్మాయి తండ్రి