నీ పేరు లేని మిక్స్

సుధాకర్ బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మిక్సులు మాత్రం ఆగలేదు. బందరు నుంచి అవనిగడ్డ దాకా ఏ పెళ్ళిలోనైనా అవే మోగుతున్నాయి. సాయంత్రం మీ ఇంటి ముందుకొచ్చిన ఊరేగింపు ట్రాక్టరు మీంచి మీ అమ్మ గొంతు వినపడింది. గుడివాడ క్యాసెట్ షాపు వెనక గదిలో కూర్చుని, ఆవిడ నాట్ల పాటకి నువ్వు హౌస్ బీట్, అదే ఆ క్లబ్బు డాన్సుల దరువు, కట్టిన మిక్స్ అది. అయితే చరణానికోసారి ఆ ట్రాక్టరు మీది డీజే తన పేరు అరిపించి చేర్చుకున్నాడు. ఒకడి శ్రమ మీద మరొకడి పేరు! దోపిడీకి ఇంతకన్నా రుజువేం కావాలి? ట్రాక్టరెక్కి డీజే చొక్కా పట్టుకున్నాను.

“ఇది మా బావ చేసిన మిక్సురా, దొంగా!”

“అలాగా బ్రదరూ! మరి పాటలో మీ బావ పేరేదీ?”

నువ్వెందులోనూ పేరు వేసుకోలేదు బావా. వైరు పీకబోయాను. మీ అమ్మ గుమ్మంలోంచి కేకేసింది.

“ఆపమాకరా! వాడి మాట ఇంకా రాలేదు.”

పాట చివర బీట్ ఆగింది. రికార్డింగ్ నాడు నువ్వన్న మాట, తీసెయ్యకుండా ఉంచేసిన మాట, వీధంతా వినపడింది.

“ఇంకోసారి పాడమ్మా.”

డీజే మరో పాట పెట్టాడు. కుర్రాళ్ళు ఈలలేసుకుంటూ ముందుకెళ్ళిపోయారు. మీ అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి, మొదటి నుంచి పాడింది.