పలచన

యారాడ,
జూన్ 19

ప్రియమైన తమ్ముడు మహేష్‌కి,

బోటు మీంచి ఒడ్డుకి మాట్లాడడానికి మీ కంపెనీ చేసిన కొత్త సెట్టు నిన్న అందింది. ఫోన్ చేస్తే నువ్వు సగంలో "మీటింగ్ అక్కా" అంటావు. కాగితానికి మీటింగులుండవు కాబట్టి రాస్తున్నాను.

మీ బావ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "ఇదేటే, మీవోడు అప్పడం అంపినాడేటి?" అన్నారు. పాతదాని పక్కన పెట్టి చూశాను. పాతది సబ్బుబిళ్లంత ఉంటే ఇది అందులో మూడో వంతు లేదు. అందంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ వెనక మూత ఏది? పాతదానికి రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే మూత ఊడేది, చేపల వేటలో ఉండగానే బ్యాటరీ మార్చుకునేవారు. దీనికి ఆ సందే లేదు. బోటులో ప్లగ్గు ఎక్కడుంటుందిరా?

అమ్మకానికి ముందు వాడి చూడమని నువ్వు అడిగినట్టే, ఛార్జింగ్ ఎన్ని గంటలొస్తుందో రాయడం మొదలుపెట్టాను. గ్యాస్ బండ మార్చిన తేదీలు రాసుకునే నోటుబుక్కులోనే, వెనక వైపు నుంచి. నా తమ్ముడు చేశాడని ఒక్క గంట కూడా కలపను.

ఉంటాను,
మీ అక్క ఈశ్వరి

---

హైదరాబాద్,
జూన్ 25

ప్రియమైన అక్కకి,

అప్పడం మాట చదివి నవ్వాను. ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఈ రోజుల్లో లావు వస్తువు ఎవరూ కొనడం లేదక్కా. జేబులో పట్టాలి, బరువు తెలియకూడదు. మూత తీసేయబట్టే ఇంత సన్నం చేయగలిగాం. నీళ్లు కూడా లోపలికి పోవు. బ్యాటరీ చిన్నదైన మాట నిజమే, అయినా రెండు రోజులొస్తుంది. ఈ సన్నం చేసే పనంతా నా చేతుల మీదే జరిగింది. ఇది అమ్మకానికొస్తే నన్ను టీమ్ లీడర్‌ని చేస్తామన్నారు.

జగ్గయ్య బావ ఏ వస్తువునైనా పాలిథిన్ కవరులో చుట్టి వలదారంతో కడతాడు కదా, దీనికి అలా కట్టొద్దని చెప్పు. వాడి చూసినవాళ్లు నింపాల్సిన ఫారం జతచేశాను. "తృప్తికరం" దగ్గర టిక్కు పెట్టి, సంతకం చేసి జూలై పదిలోగా పంపు.

నీ సంతకం కోసం ఎదురుచూస్తూ,
తమ్ముడు మహేష్

---

యారాడ,
జూలై 2

ప్రియమైన మహేష్‌కి,

మొదటి వేట. సోమవారం ఉదయం ఆరింటికి నిండుగా ఛార్జింగ్ పెట్టి పంపాను. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆగిపోయింది. ముప్పై ఒక్క గంటలు. నీ రెండు రోజులు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. పాతది ఒక్క బ్యాటరీ మీదే మూడు రోజులు నడిచేది, మార్చుకోవడానికి జోడు బ్యాటరీ వేరే ఉండేది.

రెండో వేటలో తొమ్మిది గంటలకే ఆగింది. ఎండకి కవరులో ఉడికిపోయి తనంతట తానే ఆరిపోయింది. కవరు వద్దని చెప్పాను. "సముద్రంలోకి నాను తప్ప ఏదీ కవరు లేకుండా ఎల్లదు" అన్నారు. కవరు చుట్టుకునే మనుషుల కోసం చేసేటప్పుడు కవరు చుట్టి చూడొద్దా? తడిచేత్తో నొక్కితే తెర కూడా పలకడం లేదట. "నాను దాన్ని సూత్తన్నాను గానీ అది నన్ను సూడ్డం లేదే" అంటున్నారు.

పాత సెట్టు కూడా పట్టుకెళ్లమన్నాను. ఏమన్నారో తెలుసా? "నోర్ముయ్యే. బామ్మర్ది సేసిన సెట్టు నమ్మక పాతది అట్టుకెల్లానంటే నలుగురిలో ఆడు పలచనైపోతాడు."

ఆ మనిషి నీ పరువు నడుముకి కట్టుకుని వెళ్తున్నాడురా. నేను సంతకం పెట్టను.

కోపంతోనే,
మీ అక్క ఈశ్వరి

---

హైదరాబాద్,
జూలై 7

అక్కకి,

నీ లెక్కలు చూశాను. కవరుతో వచ్చిన లెక్క మేం తీసుకోం. అది వాడేవాళ్ల తప్పు కిందికొస్తుంది. మిగతావి అమ్మకానికొచ్చాక సరిచేస్తాం. నాలుగేళ్ల కష్టం ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయింది. ఇంట్లో ఉండేదానివి, నీకెందుకిదంతా? ఇంజినీరింగ్ సంగతి నాకొదిలెయ్.

మహేష్

---

యారాడ,
జూలై 11

ప్రియమైన మహేష్‌కి,

నీ ఉత్తరాన్ని నిన్న పోస్ట్‌మ్యాన్ ఒడ్డుకి తెచ్చిచ్చాడు. నేను ఇంట్లో లేను మరి. గురువారం సాయంత్రం నాలుగింటికి రావలసిన మీ బావ శుక్రవారం పొద్దెక్కినా రాలేదు. నీ ఉత్తరం ఇసుకలో నిలబడే చదివాను.

ఇంజిన్ చెడిపోయింది. నీ సెట్టు అంతకుముందే ఆరిపోయింది. బోటు కొట్టుకుపోతోంది.

ఆయనకి తెలియకుండా నేనొక పని చేశాను. తిండి సంచిలో అడుగున, తువ్వాలులో చుట్టి పాత సెట్టు, జోడు బ్యాటరీ పెట్టాను. అటుకులేమైనా మిగిలాయేమోనని నిన్న ఉదయం సంచి దులిపితే దొరికాయట. ఒడ్డుకి మాట్లాడారు. మా ఊరి కన్నబాబు బోటు వెళ్లి మధ్యాహ్నానికి లాక్కొచ్చింది. దిగుతూనే, "నా మాట ఇనకుండా పెట్టినావు కదే!" అని అందరి ముందూ తిట్టారు. తిట్టనీ. తిట్టడానికి మనిషున్నాడు.

ఇంజినీరింగ్ నీకే వదిలేశాను. గడియారం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఫారం మీద "తృప్తికరం" కొట్టేసి, కింద సంతకం పెట్టాను. నోటుబుక్కు పేజీలు జతచేశాను, కవరు లెక్కతో సహా. నకలు నా దగ్గరుంది. ఆ సెట్టు ఇలాగే అమ్మకానికొస్తే, ఒడ్డున నిలబడి పేజీలన్నీ నేనే పైకి చదువుతాను. నువ్వు నా తమ్ముడివని ఆగను.

ఇక నీ ఇష్టం,
మీ అక్క ఈశ్వరి

---

హైదరాబాద్,
జూలై 16

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివాక బావకి ఫోన్ చేశాను. ఆయన ఇంజిన్ గురించే మాట్లాడాడు. సెట్టు ఊసెత్తలేదు. నాకదే ఎక్కువ గుచ్చుకుంది.

నీ ఫారం పక్కన పెట్టేసి వేరే వాళ్లతో సంతకం చేయించమన్నారు మా మేనేజర్ కృష్ణంరాజు గారు. నేను నీదే పెట్టాను. నా వంతు కాగితంలో మందం రాసే గడి ఒకటుంది. ఎనిమిది మిల్లీమీటర్లని నెల క్రితం గొప్పగా నేనే రాసుకున్నాను. అది కొట్టేసి, తెలుగులో "పలచన" అని రాశాను.

ఆయన భీమవరం మనిషి. కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏంటయ్యా ఇది? సన్నంగా ఉందనేగా?" అన్నారు.

"సన్నంగా ఉన్నది సెట్టండి. పలచనయ్యేది మనం" అన్నాను.

నీ పేజీలు పైవాళ్ల దాకా వెళ్లాయి, అమ్మకం ఆపారు. నన్నూ ఆ పని నుంచి తప్పించారు. టీమ్ లీడర్ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. కూర్చోనీ.

ఆదివారం వస్తున్నాను. మిగిలిన భాగాలతో నా అంతట నేనే ఒక సెట్టు బిగించాను. సబ్బుబిళ్లంత లావుంది, చూడ్డానికి బాగోదు, వెనక మూతుంది. రూపాయి బిళ్ల, నీ నోటుబుక్కు తీసి ఉంచు. వేటకి నేనూ వెళ్తాను.

ఈసారి బావని కవరు చుట్టే వాడమను.

నీ తమ్ముడు,
మహేష్