ఐదు కిలోల తరుగు

కర్నూలు జిల్లా ఆళ్లగడ్డ కాపురస్థుడను, నాలుగు రోడ్ల దగ్గరి సైకిళ్ల దుకాణానికి యజమానిని, యాభైయొక్క ఏళ్లవాడిని అయిన మద్దెల బాలస్వామి అనే నేను, ఈ పత్రాన్ని నా చేత్తో, నా ఇష్టంతో, పట్టపగలు, దుకాణం తలుపులు తెరిచి ఉంచి రాస్తున్నాను. నా బుద్ధి సక్రమంగా ఉన్నదని నంద్యాల డాక్టరు గారు నోటిమాటగా సెలవిచ్చారు. గుండె సంగతి మాత్రం కాగితం మీద రాసిచ్చారు. ఇకమీదట పెడలు తొక్కరాదన్నారు.

సదరు బుద్ధి 1974లో ఒక్కసారి సక్రమంగా పనిచేయలేదు. ఆ విషయాన్ని నమోదు చేయడం ఈ వీలునామా మొదటి పని; ఆస్తి పంపకం రెండో పని. నా దుకాణంలో చక్రాలు కట్టిన షేక్ సుభాన్‌కు ఊళ్లో చెడ్డపేరు వచ్చింది. అందుకు కారణం సుభాన్ కాదు, నేను. ఈ వాక్యాన్ని నా వారసులు గానీ, వారి వకీళ్లు గానీ, మా చర్చి కమిటీ గానీ కొట్టివేయడానికి, మెత్తబరచడానికి వీలులేదు.

నా కుమార్తె సలోమిని ఈ పత్రం అమలుకు బాధ్యురాలిగా నియమిస్తున్నాను. నా మరణానంతరం మూడో రోజున, దుకాణం ముందర, బస్సు కోసం నిలబడినవారికి కూడా వినిపించేంత గొంతుతో ఆమె దీన్ని చదవవలెను.

1. నా భార్య జీవమ్మకు మేము కాపురమున్న ఇల్లు, అందులోని సామాను, నా సొంత సైకిలు. ఈ తాలూకాలో నేను తూచని మనిషి ఆమె ఒక్కతే. ఇరవై ఐదేళ్లుగా కాటా ఎక్కడానికి నిరాకరిస్తూ వచ్చింది. ఆ నిరాకరణను గౌరవిస్తున్నాను. నా సైకిలు వెనక చక్రానికి అన్నిటికన్నా మందమైన రిమ్ము, లావు చువ్వలు నలభై ఎందుకు వేశానని ఆమె అడిగినప్పుడల్లా చాగలమర్రి రోడ్డు బాగాలేదని చెప్పాను. రోడ్డు బాగానే ఉండేది. ఆమె వెనక కూర్చున్నప్పుడు ఆ చక్రం కిర్రుమనకూడదని వేశాను. సలోమి ఈ ఒక్క క్లాజును మాత్రం ఇంట్లో, తక్కువ గొంతుతో చదవవలెను.

2. నా కుమారుడు పౌలుకు నంద్యాలలోని ఖాళీ స్థలం. అందులో అతను మోపెడ్ల షెడ్డు వేసుకోవచ్చు. “తొక్కే కాలం పాయ నాయనా, ఇంగ అన్నీ మోపెడ్లే” అని అతను చెప్పినదాన్ని నేను ఖండించడం లేదు. మోపెడుకు కూడా రిమ్ములుంటాయని మాత్రం మనవి. కింద పేర్కొన్న చీటీని చూపించినప్పుడు అతను, “దాన్ని కాల్చెయ్ నాయనా, బయటపడితే అంగడి పేరు పోతాది” అన్నాడు. అందుచేత స్థలంతోపాటు, అద్దం కట్టించిన నా భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ పట్టాను కూడా అతనికే ఇస్తున్నాను. షెడ్డులో వేలాడదీయవచ్చు. అది గోడ మీద ఉన్నంత మాత్రాన యజమాని తప్పు చేయడని ఎవరూ అనుకోరాదు.

3. జరిగిన సంగతి. తిరుపతిలో చదివి వచ్చి సైకిళ్ల దుకాణం పెట్టినవాడిని గనుక, పని శాస్త్రీయంగా జరగాలని నా పట్టుదల. ఒక్కొక్క రకం రిమ్మును ఇటుకల మీద పడుకోబెట్టి, పైన తూకపు రాళ్లు పేర్చి, ఎంత బరువుకు ఎంత వంగుతున్నదో స్కేలుతో కొలిచాను. దాన్నిబట్టి పట్టిక రాసి గోడకు అంటించాను: మనిషి ఎనభై కిలోల లోపయితే పలుచని రిమ్ము చాలును, ఎనభై దాటితే మందం రిమ్ము, లావు చువ్వలు. అహోబిలం కొండదారికి పోయే సైకిళ్లకు ఈ నియమం తప్పనిసరి. ఆ దారిలో మలుపు తిరిగినప్పుడల్లా బరువు చక్రాన్ని పక్కకు నెడుతుంది. పక్కకు వంగే రిమ్ముకు అక్కడ రెండో అవకాశం ఉండదు.

ఆ కొండదారి పల్లెల్లో హార్మోనియం వాయిస్తూ సువార్త చెప్పే సంజీవయ్య గారు కొత్త వెనక చక్రం కావాలన్నారు. అప్పటికి నా దుకాణంలో కాటా లేదు. నంద్యాల వేరుశనగ మండీలో తూకం వేయించుకుని చీటీ తెమ్మన్నాను. తెచ్చారు. డెబ్బై తొమ్మిది అని ఉంది. నేను పలుచని రిమ్ము బయటికి తీశాను.

సుభాన్ సంజీవయ్య గారిని కిందినుంచి పైకి ఒకసారి చూశాడు. “ఏందప్పా, ఈయప్ప డెబ్బై తొమ్మిదా? నీకు కండ్లు కనపడతాండాయా లేదా? మందం రిమ్ము ఎయ్యి.”

“కాటా కంటే నీ కన్ను పెద్దదా సుభాన్?” అన్నాను నేను. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుండింది.

“నువ్వు సదువుకున్నోడివి. కట్టమంటే కడతా. మనసు మాత్రం ఒప్పుకుంటాలేదు” అని సుభాన్ చక్రం కట్టాడు. చాలా బాగా కట్టాడు. ఒక్క చువ్వ సడలలేదు. పన్నెండో రోజున ఎగువ అహోబిలం నుంచి దిగుతుండగా ఆ రిమ్ము మడతపడింది. సంజీవయ్య గారి ఎడమ తొడ విరిగింది. చువ్వలు సరిగా బిగించలేదని, సుభాన్ చక్రం మనిషిని పడేసిందని ఊరు తేల్చింది. ఎదురుగా టీ అంగడి పఠాన్ బాషా ఈ తీర్పును టీ తాగవచ్చిన ప్రతివారికీ వినిపించాడు. చర్చి కమిటీ వారు నన్నడిగితే, “విచారిస్తాను” అన్నాను.

విచారించాను. మడతపడిన చక్రంలో చువ్వలన్నీ బిగువుగానే ఉన్నాయి. చీటీ తిప్పి చూశాను. వెనక పెన్సిలుతో చిన్నగా: సంచికి ఒకటి, తేమకు రెండు, మట్టికి రెండు. తూకందారు శేషయ్య అలవాటు కొద్దీ, వేరుశనగ బస్తాకు తీసినట్టే, సంజీవయ్య గారికీ ఐదు కిలోలు తరుగు తీశాడు. మనిషి మట్టి అని సంజీవయ్య గారే ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. ఆ మట్టిని తూకంలోంచి తీసివేసినవాడు శేషయ్య ఒక్కడే. అసలు బరువు ఎనభై నాలుగు.

ఇది నాకు ప్రమాదం జరిగిన ఎనిమిదో రోజున తెలిసింది. తొమ్మిదో రోజున సుభాన్ తన పనిముట్లు నా బల్లమీద పెట్టి నంద్యాల వెళ్లిపోయాడు. నేను ఆపలేదు. నాటి నుంచి అక్కడ పంక్చర్లు మాత్రమే వేస్తున్నాడు. ఒక్క చక్రం కట్టలేదు. చీటీ పదకొండేళ్లు నా బైబిల్లో ఉంది. ఏ పేజీలో పెట్టినా ఆ పేజీ చదవలేకపోయాను. దాన్ని ఈ పత్రానికి జతచేస్తున్నాను.

4. తూకందారు శేషయ్యకు ఐదు కిలోల ఇనుప రాయి ఒకటి. ఏ వివరణా లేకుండా ఇంటికి పంపవలెను. అడిగితే, “తరుగు” అని చెప్పి వెనుదిరగవలెను.

5. సలోమికి దుకాణం, రిమ్ముల నిల్వ, ప్రమాదం తరువాత నేను కొన్న కాటా. పదకొండేళ్ల వయసులోనే ఆమె చువ్వను గోటితో మీటి, ఆ చప్పుడును బట్టి ఏది సడలిందో చెప్పేది. అది పట్టికలో రాయలేని విద్య. షరతులు: బయటి చీటీ ఏదీ చెల్లదు. మనిషిని వెనక కట్టుకునే సామానుతో సహా దుకాణంలోనే తూచవలెను. చక్రం కట్టే మనిషి పలుచనిది వద్దంటే, కాటా ఏమి చెప్పినా మందం రిమ్మే వేయవలెను. అంగడి పేరు పోతుందేమోనని ఆమెను అడిగాను. “పోతే పోనీలే నాయనా, సదువుతా” అన్నది.

6. సంజీవయ్య గారికి అన్నిటికన్నా మందమైన రిమ్ము ఒకటి, లావు చువ్వలు నలభై, విడిగా. ఆ కాలితో మెల్లగా తొక్కగలనని ఆయన అంటారు. ఎవరూ చక్రం కట్టివ్వడానికి సాహసించడం లేదు. “సుభాన్ కడితేనే ఎక్కుతానప్పా” అని ఆయన పదకొండేళ్లుగా అంటూనే ఉన్నారు. ఊరు దాన్ని క్షమాగుణం అనుకుంది. అది కేవలం సరైన అభిప్రాయం.

7. షేక్ సుభాన్‌కు చక్రాలు సరిచేసే స్టాండు, అతను బల్లమీద వదిలిపోయిన పనిముట్లు.

సంతకాల వేళ చేర్చినది. నిన్న బస్సులో నంద్యాల వెళ్లి, సుభాన్ పంక్చర్లు వేసే చోట నిలబడి ఇదంతా చదివి వినిపించాను. అతను నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తూ విన్నాడు. చివరికి, “బాగా రాసినావప్పా. అయితే నువ్వు సచ్చినాక సదివితే నాకేమొస్తాది? నేనే ముందు పోతే?” అన్నాడు.

కనుక “మరణానంతరం మూడో రోజున” అన్న మాటలను కొట్టివేశాను. ఈ ఉదయం పది గంటలకు, నేను బతికుండగానే, దుకాణం ముందర సలోమి దీన్ని చదివింది. మొదటి క్లాజు తప్ప. చర్చి కమిటీ వారు ఇద్దరు విన్నారు. సంజీవయ్య గారు తలవంచుకుని విన్నారు. బాషా చేతిలో గ్లాసులతో నిలబడిపోయి, “అట్లనా బాలస్వామన్నా? పదకొండేండ్లు నేను ఊరంతా ఏం చెప్పినానన్నా!” అన్నాడు. సాక్షి సంతకం పెట్టమని, ఇకమీదట దీన్నే చెప్పమని కోరాను.

రెండో సాక్షిగా తానుంటానన్నాడు, వినడానికి నంద్యాల నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన సుభాన్. సాక్షి సంతకం చేసినవానికి ఆ వీలునామా కింద ఏదీ దక్కదని, ఏడో క్లాజు రద్దవుతుందని వివరించాను. “రద్దయితే కానీ. నీ సామాను ఎవురికి కావాల? ఈ కాగితం మీద నా పేరు నా చేత్తో పడాల” అన్నాడు. ఏడో క్లాజు రద్దయినది. స్టాండు సలోమిది.

సంతకం చేసి, సుభాన్ ఆ స్టాండు దగ్గరకు పోయి, దుమ్ము ఊది, ఆరో క్లాజులోని రిమ్మును చేతిలోకి తీసుకున్నాడు. “సంజీవయ్యప్పను తూచినారా లేదా? హార్మోనియం పెట్టెతో కలిపి తూచండి” అన్నాడు.

తూచాము. నూటమూడు కిలోలు. తరుగు లేదు.

1985 ఆగస్టు 19, ఆళ్లగడ్డ.

(సంతకం) మద్దెల బాలస్వామి

సాక్షులు:
1. పఠాన్ బాషా, టీ అంగడి, నాలుగు రోడ్లు, ఆళ్లగడ్డ
2. షేక్ సుభాన్, చక్రాలు కట్టువాడు