చెక్క, పురుగు, చప్పుడు, దావా

న్యాయశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరై, చెక్క తొలిచే పురుగుల మీద పుస్తకం రాసి, యాభై దాటాక కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని, మూడు శాఖల చేతా "ఆవిడ మా మనిషి కాదు" అనిపించుకున్న నేను, ఒంట్లో ఓపిక, బుర్రలో తెలివి, నోట్లో సొంత పళ్ళు ఉండగానే, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా స్వార్జితం గురించి నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. స్థిరచిత్తంతో ఉన్నానని డాక్టరు ఇచ్చిన కాగితం దీనికి జతచేశాను. మా ఆయన్నీ అడిగాను. "స్థిరమా? పెళ్ళినాటి నుంచి అంగుళం కదిలితే ఒట్టు" అన్నారు. దాన్నీ సాక్ష్యంగానే తీసుకోవాలి.

ఇదివరకు మా అక్క కొడుకు టైపు చేయించి తెచ్చిన వీలునామా ఒకటుంది. అందులో నా జీవితాన్ని మూడు ముక్కలు చేసి మూడు శాఖలకి పంచాడు. దాన్ని ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను.

1. అయినా ఈ వీలునామాకి అమలుకర్త వాడే. వాడు వకీలు, నిజాయితీపరుడు, ఫోను చేస్తే ఎత్తుతాడు. ఈ మూడూ ఒకే మనిషిలో దొరకడం కష్టం. "మూడు శాఖలకీ మూడు వాటాలు వేసేస్తే గొడవుండదు కదా పిన్నీ" అన్నాడు. గొడవ లేకపోవడమే గొప్పయితే వాడు వకీలెందుకయ్యాడో నాకు తెలియదు. నా భూతద్దం వాడికి ఇస్తున్నాను. కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతుల్ని దాంతో చదువుకోవాలి.

2. నేను కొన్న ఫ్లాటులో మా ఆయన జీవించి ఉన్నంతకాలం సర్వ హక్కులతో ఉండవచ్చు. తదనంతరం అది మా అమ్మాయికి చెందుతుంది. మా పడకగది గుమ్మానికి పురుగు పట్టినప్పుడు నేను మైకు అంటించి చప్పుడు రికార్డు చేశాను. అందులో పురుగు కంటే మా ఆయన మధ్యాహ్నపు గురకే బాగా పడింది. "అది నేను కాదు, ఫ్రిజ్జు" అని ఈ రోజుకీ వాదిస్తారు. దాని కాపీ ఒకటి ఆయనకే ఇస్తున్నాను. ఊళ్ళో ఎవరింటి మెట్ల కింద పడితే వాళ్ళింటి మెట్ల కింద, చొక్కా నలుగుతున్నా లెక్కచేయకుండా, టార్చిలైటు పట్టుకుని కూర్చున్న మొగుడు ఆయనొక్కరే. ఆయన లేకపోతే నా పరిశోధన సగం చీకట్లోనే ఉండేది.

3. మా అమ్మాయి పళ్ళ డాక్టరు. పన్ను పురుగు పట్టిందని వచ్చేవాళ్ళకి పంట్లో పురుగేమీ ఉండదని చెప్పీ చెప్పీ దాని నోరు నొప్పి పుడుతోంది. నా మైక్రోస్కోపు దానికి. చిన్నప్పుడు బళ్ళో "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని టీచరు అడిగితే, "మా అమ్మ తప్పు చేసిన పురుగుల్ని కోర్టుకి తీసుకెళ్తుంది" అని చెప్పిందట. నా పని ఇదీ అని అంత చక్కగా నేను ఏ సెలక్షన్ కమిటీ ముందూ చెప్పలేకపోయాను. బంగారుతల్లీ, ఆ జవాబుకి నేను ఇప్పటికీ మురిసిపోతుంటాను.

4. ఇక అసలు ఆస్తి. మూడో అంతస్తు వరండా చివర, చీపుళ్ళ గదిని ఆనుకుని ఉన్న గది యూనివర్సిటీది. దానిలో ఉన్నవన్నీ నావి. రశీదులు బీరువాలో ఉన్నాయి. గోడ పొడవునా సొరుగుల్లో పురుగు తిన్న చెక్క ముక్కలు, అద్దాల పెట్టెల్లో సూదికి గుచ్చిన పెంకుపురుగులు, బల్ల మీద చప్పుళ్ళ రికార్డులున్న డిస్కులు, కిటికీ కింద దావా కట్టలు. ఒక ఇంటి నుంచి తెచ్చిన చెక్కకీ, దాన్ని తిన్న పురుగుకీ, అది తింటున్నప్పటి చప్పుడుకీ, ఆ ఇంటి మీద నడిచిన దావాకీ ఒకటే నంబరు. ప్రతి రికార్డు మొదట్లో నా గొంతు ఉంటుంది: నంబరు ఫలానా, చెక్క ఫలానా, ఇల్లు ఎవరిది, తగువు దేనికి. ఇదే నా పద్ధతి. ఈ నాలుగూ కలిసి ఉంటేనే అది విజ్ఞానం. విడదీస్తే వంటచెరుకు, చచ్చిన పురుగు, గరగర, పాత కాగితం. ఇవి విడిపోకుండా ఎవరి చేతిలో పెట్టాలన్నదే నా బెంగ. ఈ వీలునామా రాయడానికి వేరే కారణమేదీ లేదు.

5. మూడు శాఖల గురించి. న్యాయశాఖ వాళ్ళు నన్ను పురుగుల మేడమ్ అనేవారు. జంతుశాస్త్రం వాళ్ళు లాయరమ్మ అనేవారు. కంప్యూటర్ల వాళ్ళు మర్యాదస్తులు, ఆంటీ అనేవారు. నా ప్రమోషను ఫైలు ఈ మూడు గదుల మధ్యా తిరిగి తిరిగి అరిగిపోయింది. "పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, మేడమ్‌గారికి సొంతింట్లో వండుకోవడం బద్ధకం" అని మా శాఖాధిపతి నిండు సభలో ఎగతాళి చేశారు. నేను మూడిళ్ళలోనూ పొయ్యి వెలిగించానని ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని అందరూ చెబుతారు. నేను మూడింటి మీద పెట్టాను, మునగలేదు, అవతలి ఒడ్డుకి చేరాను కూడా. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదా అంటే, అవును, గొప్పలే. నా వీలునామాలో నేను కాక ఇంకెవరు చెబుతారు?

వారికి నేనిచ్చేవి ఇవి. న్యాయశాఖకి వాళ్ళ శాఖాధిపతి గది గుమ్మం ముక్క, లోపల పురుగు ఉందని నేను ముందే రాసిచ్చిన నోటీసుతో సహా. తలుపు ఊడి ఆయన కాలి మీద పడేదాకా దాన్ని ఎవరూ చదవలేదు. జంతుశాస్త్ర మ్యూజియానికి, నా దగ్గర ఒకటికి రెండున్న పురుగుల్లో రెండోవి. అసలువి ఇవ్వను. సూది కింద దావా నంబరున్న చీటీ తీసేస్తేగాని తమ పెట్టెల్లో పెట్టరట, అది వాళ్ళ పద్ధతి కాదట. పద్ధతి కోసం పురుగుకి ఊరూ పేరూ లేకుండా చేస్తామంటే ఎలా ఇస్తాను? కంప్యూటరు శాఖకి ఏమివ్వాలో ఏడో అంశంలో చెబుతాను.

6. నా పని ఏమిటో రేపు ఎవరైనా అడిగితే మెట్ల దావా గురించి చెప్పండి. ఒక అద్దె ఇంట్లో చెక్క మెట్లు విరిగి, అద్దెకున్న కుర్రదాని కాలు విరిగింది. పురుగు పట్టిన చెక్క వాడాడని ఇంటాయన ఆ మెట్లు చేసిన వడ్రంగి మీద దావా వేశాడు. వడ్రంగికి ఊళ్ళో పని పుట్టడం ఆగిపోయింది. నేను వడ్రంగి తరఫున ఆ మెట్లు చూశాను. వడ్రంగి వేసిన వార్నిష్‌ని చీల్చుకుని పురుగులు బయటికొచ్చాయి. ఆ తరవాత ఇంటాయన వేయించిన రంగు ఆ బొక్కల లోపలికి కూడా కారి ఎండిపోయి ఉంది. అంటే రంగు వేసేనాటికే బొక్కలున్నాయి, ఇంటాయన చూసి కూడా కప్పేయించాడు.

అప్పుడు లేచారు ఎదుటి పక్షం నిపుణుడు. కోర్టు జవాన్లు ఆయన్ని 'ఉలి' అంటారు, ఏ సాక్ష్యాన్నయినా పొరలు పొరలుగా చెక్కేస్తారని. కలప వ్యాపారుల తరఫున, ఇళ్ళ యజమానుల తరఫున నాకు ఎదురు నిలబడిన మనిషి. "బయటికి రావడం వార్నిష్ తరవాతే. కానీ పిల్లపురుగు లోపలే ఏళ్ళ తరబడి ఉండొచ్చు కదా మేడమ్? వడ్రంగి తెచ్చిన చెక్కలోనే ఉండి ఉండొచ్చు కదా?" అన్నారు. మంచి ప్రశ్న. ఈ పురుగు వార్నిష్ ఉన్న చోట గుడ్లు పెట్టదు, పచ్చిగా కోసిన అంచు కావాలి. ఇంటాయన నీళ్ళ గొట్టం కోసం మెట్టు కింద చెక్క కోయించి, అంచుని అలాగే వదిలేశాడు. మెట్ల మీద అడుగడుక్కీ మైకు పెట్టి, నా ప్రోగ్రాముతో ఎక్కడ ఎంత నములుతున్నాయో పటం గీశాను. ఆ కోత దగ్గర కిక్కిరిసి ఉన్నాయి, దూరం పోయేకొద్దీ పలచబడ్డాయి. యంత్రం విన్నదాన్ని సాక్ష్యంగా ఎలా తీసుకోవాలని వాదన జరిగింది. "ఈ పురుగుని క్రాస్ ఎగ్జామిన్ చేసేదెవరమ్మా?" అని జడ్జిగారు నవ్వారు. "ఎదుటి నిపుణుడు ఉన్నారుగా, చేయమనండి" అన్నాను. ఆయన నిజంగానే మైకు తీసుకుని మెట్ల కింద దూరి, మళ్ళీ అంతా విని, తిరిగొచ్చి, "నాకూ అలాగే వినిపించింది" అని తన పక్షానికి విరుద్ధంగా చెప్పారు. వడ్రంగి గెలిచాడు. నాకు చట్టం ఒక్కటే తెలిస్తే అతను ఓడిపోయేవాడు, పురుగులు ఒక్కటే తెలిసినా ఓడిపోయేవాడు. ఆ రోజు నా అంత గర్వం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

7. కంప్యూటరు శాఖ సంగతి. నేను రిటైరయ్యాక వాళ్ళు నా డిస్కులకి కాపీలు తీసుకున్నారు. చెక్కలూ దావా కట్టలూ అక్కర్లేదన్నారు. "డేటా చాలు ఆంటీ" అన్నారు. ఆ డేటాతో పెద్ద యంత్రాన్ని తయారుచేసి, చెక్కకి ఆనిస్తే పురుగు ఉందో లేదో చెప్పేస్తుందని ఊరంతా చాటారు. కోర్టుకి కూడా తెచ్చారు. చూద్దామని నేనూ వెళ్ళాను. ఆ రోజు ఎదుటి పక్షం ఉలిగారే. ఆయన నన్ను చూసి, "మేడమ్, ఈ ఇనపబల్ల మీద యంత్రం మైకు పెట్టాను. మీరెప్పుడూ చెప్పేలా ఒక్క ముక్క చెప్పండి" అన్నారు. "నంబరు లేదు. ఇనుము. కోర్టు హాలు. తగువు ఇంకా తేలలేదు" అన్నాను. యంత్రం వెంటనే పురుగు ఉందని తీర్పిచ్చింది.

హాలంతా గొల్లున నవ్వింది. జరిగింది ఇంతే. పురుగున్న ఇళ్ళన్నీ నేను తిరిగి రికార్డు చేసినవి, వాటి మొదట్లో నా గొంతు ఉంది. పురుగు లేని చెక్కల్ని ల్యాబువాళ్ళు మాట్లాడకుండా రికార్డు చేశారు. యంత్రం పాపం పురుగుని కాదు, నన్ను గుర్తుపట్టడం నేర్చుకుంది. దావా కట్ట ఒక్కటి విప్పి చూసినా ఎవరు ఎక్కడ రికార్డు చేశారో తెలిసేది. అందరూ నవ్వుతుంటే ఉలిగారు నవ్వలేదు. "మేడమ్ సొంత ప్రోగ్రాముకి ఈ జబ్బు లేదండి. ఆవిడ గొంతు కత్తిరించాకే దానికి వినిపిస్తారు. అందులో తప్పు పట్టుకుందామని నేనే లైను లైనూ విప్పి చూశాను, దొరకలేదు" అని జడ్జిగారితో చెప్పారు. నాకు వచ్చిన శాలువాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. కంప్యూటరు శాఖకి నేనిచ్చేది ఒక సలహా: వినేముందు ఎవరు మాట్లాడుతున్నారో కనుక్కోండి.

8. పై నాలుగో అంశంలోని సమస్త చరాస్తీ, చెక్క, పురుగు, చప్పుడు, దావా, ప్రోగ్రాముతో సహా, విడదీయకుండా ఒక్క మనిషికే చెందాలి. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని అమలుకర్త అనుకుంటే అనుకోనీ. ఆ మనిషికి చట్టం తెలియాలి, పురుగు తెలియాలి, ప్రోగ్రాము విప్పడం తెలియాలి. నా శిష్యులు బంగారంలాంటి వాళ్ళు, కానీ ఒక్కొక్కరూ ఒక్కో గదిలో స్థిరపడ్డారు. పైగా నా మీద గౌరవంతో నా ప్రతి మాటా నమ్ముతారు. నమ్మేవాళ్ళ చేతిలో ఈ గది మ్యూజియం అవుతుంది. నన్ను ఓడించడం కోసం నేను చదివినవన్నీ చదివిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. నాకు సాటి ఎవరూ లేరని గొప్పలు పోయాను గానీ, ఆ సాటి మనిషి కోర్టులో ఎదుటి కుర్చీలో రోజూ కనబడుతూనే ఉన్నారు. పై ఆస్తినంతా ఉలిగారికి సర్వ హక్కులతో దఖలు పరుస్తున్నాను. షరతు ఒకటే: ఎదుటి పక్షం ఎవరొచ్చి ఏ సొరుగు తెరవమన్నా తెరవాలి.

9. దీనికి ఇద్దరు సాక్షులు కావాలి. ఈ ఉదయం ఉలిగారిని ఇంటికి రమ్మన్నాను, ఎందుకో చెప్పలేదు. తలుపు తీసిన మా ఆయన "వీలునామా రాస్తోందండీ, సంతకాలు కావాలట" అన్నారు. ఉలిగారు బల్ల దగ్గర కూర్చుని, పెన్ను మూత తీసి, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగారు. మీరు పెట్టకూడదన్నాను.

సాక్షి సంతకం చేసిన మనిషికి ఆ వీలునామా కింద ఏమీ దక్కదు. అది నేను క్లాసులో చెప్పిన చట్టం, ఆయన నా మీద గెలవడానికి సాయంత్రం కాలేజీలో నేర్చుకున్న చట్టం. అందుకే ఎందుకని అడగలేదు. పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "మేడమ్, ఆ గదిలోవి నా చేతికొస్తే మీరు రాసినవాటిలో సగం తప్పని తేలుస్తాను" అన్నారు.

"అందుకే" అన్నాను.

పై విషయాలన్నీ నా ఇష్టప్రకారం రాసి, చదువుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: నవంబరు పన్నెండు, ఉదయం.

(సంతకం) వీలునామా రాసిన మనిషి

సాక్షులు, ఈ వీలునామా కింద ఏ లాభమూ లేనివారు:
(సంతకం) కింది అంతస్తు టైలరు
(సంతకం) వీధి చివర మందుల షాపు ఆవిడ